తుండు కింద నేర్పిన పని

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడుతున్నాను. మార్కాపురంలో నేను ఏ ఉద్యోగం చేశానో మా ఇంట్లో తెలియదు. షుగరు డాక్టరు దగ్గర బీపీ చూస్తానని, సూదులు వేస్తానని చెప్పాను. నాయన అదే నమ్మి, నన్ను చూడవచ్చిన సంబంధాల వాళ్ళకు అదే చెప్పేవాడు. నా డైరీలో కూడా అబద్ధమే రాసుకున్నాను, ఎవరైనా తీసి చదువుతారేమోనని.

నిజానికి అది మూత్రవ్యాధుల క్లినిక్కు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, అందులోనూ ముసలివాళ్ళు. కొనకనమిట్ల పక్క పల్లె నుంచి వచ్చిన పెళ్ళికాని పిల్ల ఆ పని చేస్తుందంటే మా వీధిలో ఏమనుకుంటారో నాకు తెలుసు. కాబట్టి షుగరు.

కొత్తగా నర్సింగు పూర్తి చేసి ఉద్యోగాల్లోకి వస్తున్న మీరు దీన్ని చదివి నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ ఆ క్లినిక్కులో నేను చూసిన ఒక మనిషి గురించి చెప్పాలంటే ముందు నా అబద్ధం చెప్పక తప్పదు. అది చెప్పకుండా ఆయన భార్యను గురించి ఒక్క మాట రాసే అర్హత నాకు లేదు.

క్లినిక్కు ఒక పలకల గోడౌను మీద మేడలో ఉండేది. కింద పలకలు లారీకెక్కిస్తుంటే పైన మా బల్లలు అదిరేవి. డాక్టరు గారు గుంటూరు నుంచి వారంలో కొన్ని రోజులే వచ్చేవారు. మిగతా రోజుల్లో నేనూ, కాంపౌండరన్నా. ఆయన పాతకాలపు మనిషి, చెయ్యి తేలిక. గొంతు మాత్రం ఎంత తగ్గించినా బస్టాండు దాకా వినిపిస్తుంది. గదిలో రోగికి ఏదైనా గుట్టుగా చెబితే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు జాగ్రత్తలన్నీ నేర్చుకుని వెళ్ళేవారు. రోగులు లేని వేళ నేను సొరుగులో దాచుకున్న నవల చదువుకునేదాన్ని. అది కూడా ఆయన ఊరికి వినిపించాడు, "మా సిస్టరు మందుల చీటీల కంటే కథల పుస్తకాలు ఎక్కువ చదువుతాది" అని.

నేను చెప్పాలన్న ఆ మనిషి బట్టల వ్యాపారి. ఆయన్ని నేను పెదనాయనా అనేదాన్ని, భార్యను పెద్దమ్మా అని. బజారులో వాళ్ళది పాతకాలపు దుకాణం. కౌంటరు లేదు, కుర్చీలు లేవు. దుకాణం వెడల్పునా పరుపు, దాని మీద రోజూ ఉతికి మార్చే తెల్ల దుప్పటి. పెదనాయన దాని మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, తానులు విప్పి ఒళ్ళో పరిచి చూపించేవాడు. పెళ్ళికూతుళ్ళ చీరలు, బారసాల బట్టలు, చావుకు కప్పే గుడ్డ, అన్నీ ఆ పరుపు మీదే తెగేవి. ఆయన తండ్రీ అక్కడే కూర్చున్నాడట.

ప్రాస్టేటులో క్యాన్సరు గడ్డ అని తేలి హైదరాబాదులో ఆపరేషన్ చేశారు, ఆ పైన కరెంటు వైద్యం, అదే రేడియేషన్, ఇచ్చారు. గడ్డ పోయింది, ప్రాణం నిలిచింది. మూత్రం నిలవలేదు. దగ్గితే కారేది, లేస్తే కారేది, తాను ఎత్తితే కారేది. ఆ ఆపరేషన్ తరవాత చాలామందికి కొన్ని నెలలు అలా ఉండి తగ్గుతుంది. ఆయనకు తగ్గలేదు.

పెదనాయన పరుపు దిగాడు. నడుము నొప్పి, డాక్టరు కింద కూర్చోవద్దన్నాడని ఊరికి చెప్పి, గుమ్మం పక్కన నిలబడి వ్యాపారం చేశాడు. ముదురు రంగు ప్యాంట్లు, లోపల ప్యాడ్లు, పైన అత్తరు. కొడుకు స్టూలు తెస్తే దాని మీదా కూర్చోలేదు, లేచినప్పుడు తడి కనపడుతుందని. పెళ్ళి బట్టలకు వచ్చిన ఆడవాళ్ళు "ఏంది శెట్టిగారూ, పోలీసు మాదిరి నిలబడినారు" అని నవ్వితే ఆయనా నవ్వేవాడట. బయటికి పోవాల్సి వస్తే ముందురోజు నుంచే నీళ్ళు మానేసేవాడు. మన ఎండల్లో ఆ అలవాటు ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి.

చివరికి మా డాక్టరు గారే ఆ పరికరం సంగతి చెప్పి మళ్ళీ హైదరాబాదు పంపారు. మూడు చిన్న వస్తువులు, సన్నటి గొట్టాలతో కలిపి ఉంటాయి. మూత్రనాళం చుట్టూ ఒక పట్టీ, నీళ్ళతో ఉబ్బి నాళాన్ని నొక్కి పట్టుకుంటుంది. పొత్తికడుపులో ఒక చిన్న బుడగ. వృషణాల సంచిలో ఒక పంపు. మూత్రం పోయాలనుకున్నప్పుడు చర్మం పైనుంచే పంపును నొక్కితే పట్టీలోని నీళ్ళు బుడగలోకి పోయి దారి తెరుచుకుంటుంది. కాసేపటికి పట్టీ తనంతట తానే మళ్ళీ బిగుసుకుంటుంది. బయటికి ఏమీ కనపడదు. పెట్టిన వెంటనే వాడరు. పుండు మానేదాకా పట్టీ తెరుచుకునే ఉండేలా పంపుకు తాళం వేసి ఉంచి, తరవాత తాళం తీసి, నొక్కడం నేర్పాలి.

ఆ నేర్పడం కాంపౌండరన్న పని. పెదనాయన ఆయన గొంతు వినగానే మెట్ల మీదే ఆగిపోయాడు. "ఈయన నాకు నేర్పితే కంభం దాకా నేర్చుకుంటారు" అని వెనక్కు తిరిగాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ పాప ఉంది గదా. అది నోరు తెరవదు. దాన్ని అడుగు."

నోరు తెరవని పిల్ల కాబట్టి ఆ పని నాకు వచ్చింది. ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

ఆ రాత్రంతా ఎలా నేర్పాలా అని ఆలోచించాను. డాక్టరు గారి దగ్గర చూపించడానికి ఒక నమూనా పంపు ఉండేది. మెత్తటి గుడ్డతో చిన్న సంచి కుట్టి అందులో పెట్టాను. మర్నాడు బల్లకు అటు ఆయన, ఇటు నేను. ఆయన భుజం మీది తుండు తీసి సంచి మీద కప్పాను. ఇద్దరి చేతులూ తుండు కింద. ఆయన గోడ వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను.

"వేళ్ళతో వెతకండి పెదనాయనా. పైన గట్టిగా ఒక బొడిపె ఉంటుంది, అది తాళం, దాని జోలికి పోవద్దు. కింద మెత్తగా ఉండేది నొక్కాలి."

కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడి చూశాను. నవ్వుతున్నాడు.

"సంతలో ఎద్దుల బేరం ఇట్లనే చేస్తారు తల్లీ. తుండు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని. ధర పక్కోడికి తెలీకుండా. ఇంతకీ ఎద్దు యాడుంది?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వే ఎద్దువి, నొక్కు" అంది.

చూడకుండా బట్ట పట్టుకుని ఇది ఏ మిల్లుదో చెప్పగల వేళ్ళు అవి. నేను రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. డాక్టరు గారు వచ్చిన రోజు తాళం తీశారు. పెదనాయన బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక చెప్పులు విడిచి, వరండాలో బెంచీ పక్కనున్న మెత్తటి సోఫా ఎక్కి బాసిపట్టు వేసుకున్నాడు. మళ్ళీ లేచి, వెనక్కు తిరిగి, తాను కూర్చున్న చోట అరచేత్తో నిమిరి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

అప్పుడు చెప్పాల్సిన జాగ్రత్తలు చెప్పాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. లోపల పట్టీ నాళాన్ని పట్టుకుని ఉంటుంది. అది తెలియనివాళ్ళు ఎవరైనా మూత్రానికి పైపు వేస్తే, పట్టీ బిగిసిన చోట పైపుకు నాళం ఒరుసుకుని లోపల పుండు పడుతుంది, పరికరమే తీసేయాల్సి వస్తుంది. ముందు పట్టీ తెరిచి, తాళం వేసి, ఆ తరవాతే ఏదైనా. అందుకే మీ దగ్గర ఈ వస్తువు ఉందని తెలిపే కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, ఇంట్లో ఇంకొకరికైనా తెలియాలి అన్నాను.

"ఈమెకు తెలుసు గదా" అన్నాడు.

"మీ అబ్బాయికి కూడా చెప్పండి."

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "వానికి చెప్తే కోడలికి చెప్తాడు. కోడలు వాళ్ళమ్మకు చెప్తాది. అట్లట్ల పోయి గిద్దలూరులో మా కూతురి అత్త, ఆ వియ్యపురాలి చెవిన పడ్తాది. ఆమె చెవిలో పడినాక ఇంక బజార్లో తప్పెట కొట్టే పని లేదు."

"ఎవరన్నా అడిగితే హెర్నియా ఆపరేషన్ అని చెప్పు" అన్నాడు పెదనాయన ఆమెతో. పరీక్ష పెట్టినట్టు వెంటనే అడిగాడు, "ఏమని?"

"హెర్నియా."

"మళ్ళా చెప్పు."

"హెర్నియా అంటున్నా గదా, నేనేమన్నా ఒకటో క్లాసా?"

ముగ్గురం నవ్వుకున్నాం. కార్డు సంగతి తరవాత తెలిసింది. దాన్ని ఆయన దుకాణంలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. విలువైన వస్తువును జేబులో వేసుకుని తిరిగే వ్యాపారి ఎవరు?

కొన్ని నెలలు బాగా గడిచాయి. నేను బజారుకు వెళ్ళినప్పుడల్లా కావాలనే ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళేదాన్ని. తెల్ల పరుపు మీద ఆయన, చుట్టూ విప్పిన తానులు. నన్ను చూసినా పలకరించేవాడు కాదు, కళ్ళతో చిన్నగా నవ్వి గజం బద్ద ఎత్తేవాడు. అది మా ఇద్దరికే తెలిసిన పలకరింపు. నేను చేసిన పని ఒకటి ఆ బజారులో అందరి కళ్ళ ముందూ బతికి ఉందని, అది ఎవరికీ తెలియదని అనుకుంటే నడక తేలికయ్యేది.

ఆ ఎండాకాలంలో గిద్దలూరులో ఆయన అల్లుడు బట్టల దుకాణం తెరిచాడు. మామ లాగే పరుపు వేయించాడు. మొదటి బోణీ పెదనాయన చేతుల మీదుగా జరగాలని వియ్యంకులు పట్టుబట్టారు. తరవాత పెద్దమ్మ చెప్పింది, ఆయన కొత్త పరుపు మీద కూర్చుని తాను విప్పుతుంటే పెళ్ళినాటి మనిషిలా కనపడ్డాడని. అంతా బాగానే జరిగింది. ఒక్కటి తప్ప. ఆయన ముందురోజు నుంచి నీళ్ళు తాగలేదు. లోపల పరికరం పని చేస్తూనే ఉంది, కారడం లేదు, తాగినా ఏమీ కాదు. కానీ అంతమంది ముందు తెల్ల దుప్పటి మీద కూర్చోవాలి. పాత భయం పరికరాన్ని నమ్మలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ పడిపోయాడు. ఎండదెబ్బ. ఒళ్ళు కాలిపోతోంది, బీపీ అందడం లేదు. దగ్గరలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడివాళ్ళు చేయాల్సిందే చేశారు. సెలైన్లు ఎక్కించారు. అటువంటి రోగికి మూత్రం ఎంత వస్తోందో చూడటానికి పైపు వేస్తారు, మీరూ వేస్తారు. వేసే ముందు అడిగారు కూడా. ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా అని.

మర్నాడు పొద్దున పెద్దమ్మ నాకు ఫోను చేసింది. గొంతు గాలిలా ఉంది.

"పాపా, నేను. ఆయనకు పైపు వేసినారు."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. పోనంటే కాస్త గట్టిగా తోసినట్టుంది. నెత్తురు వస్తా ఉంది."

"మీరు చెప్పలేదా పెద్దమ్మా?"

"అడిగినారు. వియ్యపురాలు మంచం పట్టుకుని నిలబడి ఉండాది. అల్లుడున్నాడు. వాళ్ళ తమ్ముడున్నాడు. హెర్నియా అని చెప్పినా."

"ఇప్పుడే పోయి చెప్పండి. లోపలికి పోకండి, సిస్టరును బయటికి పిలిచి చెప్పండి."

"మెట్ల మీద కూడా వాళ్ళ చుట్టాలే ఉండారు పాపా. నువ్వు రారాదా?"

డాక్టరు గారు గుంటూరులో ఆపరేషన్‌లో ఉన్నారు. నేను ఆ ఆసుపత్రికి ఫోను చేశాను. తీసినావిడ నేనెవరని అడిగింది, పేషెంటుకు ఏమవుతానని అడిగింది. చెబుతుండగానే, "హెర్నియా అని ఇంట్లోవాళ్ళే చెప్పినారమ్మా" అని పెట్టేసింది. నేను మళ్ళీ చేయకుండా బస్సెక్కాను. కంభం దాటాక కిటికీలోంచి నల్లమల కొండలు ఎండకు మసకగా కనపడుతుంటే, లోపలికి వెళ్ళి ఏమనాలో మాటలు కూర్చుకుంటూ పోయాను. నేను నలుగురిలో గొంతెత్తిన మనిషిని కాదు. క్లాసులో లేచి పాఠం అప్పజెప్పాలంటేనే చెమటలు పట్టేవి.

ఆసుపత్రిలో అనుకున్నంత కష్టం కాలేదు. నర్సు నా ఈడుదే. పక్కకు తీసుకెళ్ళి చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చాడు. అప్పటికి మా డాక్టరు గారు ఫోనులో దొరికారు. చుట్టాలను బయటికి పంపారు. దుప్పటి కింద చెయ్యి పెట్టి పంపు వెతికింది నేనే, ఎందుకంటే అక్కడ దాన్ని అంతకు ముందు తాకినవాళ్ళు ఎవరూ లేరు. పట్టీ తెరిచి, తాళం వేశాను. పైపు తీశారు. దాని చివర ఎర్రగా ఉంది. పెదనాయనకు అప్పుడప్పుడే స్పృహ వస్తోంది. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. దుప్పటి కింద నా చెయ్యి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

బయటికి వస్తే వరండాలో వియ్యపురాలు. పెద్దావిడ, పట్టుచీర, చేతిలో మజ్జిగ చెంబు. మంచి మనిషిలాగే ఉంది.

"ఎవరమ్మా నువ్వు? మార్కాపురం నుంచి వచ్చినావంట. మా అన్నకు ఏమైంది, మాకెవరూ చెప్పరే?"

పెద్దమ్మ ఆమె వెనకాల నిలబడి నన్ను చూస్తోంది. నా నోటి దాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఇంక దాచేది లేదు, రేపు ఇంకెక్కడైనా ఈయన పడిపోతే ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఆవిడ కళ్ళు నా మెడలోకి, చేతులకు, మెట్టెలు లేని కాళ్ళకు దిగాయి. పెళ్ళి కాలేదా అని చూసే చూపు. ఈవిడకు మా ఊరి పక్క చుట్టాలు ఉండే ఉంటారని, నా షుగరు డాక్టరు అబద్ధం మా వీధిలో బయటపడుతుందని అనిపించింది.

"హెర్నియాకు కట్టు మార్చే సిస్టర్ని అమ్మా" అన్నాను.

వారం తిరిగేసరికి జ్వరం, వాపు. హైదరాబాదులో చూసి పట్టీ నాళంలోకి కోసుకుపోయిందన్నారు. మొత్తం తీసేశారు. పుండు మానాక మళ్ళీ పెట్టవచ్చు, కొందరికి పెడతారు. ఈయన నాళం బాగా దెబ్బతిందని, కరెంటు వైద్యం కూడా అయిన ఒంట్లో ఇంకోసారి నిలవదని అన్నారు. మా డాక్టరు గారు ఆ కాగితాలు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కాంపౌండరన్న ఆ రోజు గొంతు నిజంగానే తగ్గించాడు. "నేనే నేర్పి ఉంటే బాగుండేది సిస్టరూ. నా నోటికి ఊరంతా తెలిసేది. గిద్దలూరు దాకా తెలిసేది."

మన చదువులో రోగి గుట్టు కాపాడమని నేర్పారు. కాపాడాను. నా కంటే బాగా పెద్దమ్మ కాపాడింది.

ఆ తరవాత నేను ఆ దుకాణం దారిన వెళ్ళడం మానేశాను. ఒకసారి తప్పక వెళ్ళాల్సి వచ్చింది. పరుపు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. తెల్ల దుప్పటి అలాగే ఉంది. గుమ్మం పక్కన నిలబడేచోట కూడా పెదనాయన లేడు. ఆయన వెనక గదిలో మూటల మధ్య ఉంటున్నాడని, అక్కడైతే చీకటి, ఎవరూ రారని పెద్దమ్మ చెప్పింది. ఆమె ప్యాడ్ల కోసం క్లినిక్కుకు వచ్చేది. మందుల దుకాణంలో అడగడానికి సిగ్గు. వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది, "ఆ పూట నేను చెప్పి ఉంటే ఆ వస్తువు ఉండేదా పాపా?" నేను సంచిలో ప్యాడ్లు సర్దేదాన్ని. ఉండేదని ఆమెకూ తెలుసు.

కొంతకాలానికి డాక్టరు గారు రావడం మానేశారు. క్లినిక్కు మూసేస్తున్నామని తెలిసి, నా చివరి రోజుల్లో పెదనాయన వచ్చాడు. చాలా నెలల తరవాత ఆయన మేడ మెట్లెక్కాడు. భుజాన అదే తుండు. సోఫా మీద కూర్చోమంటే కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడి, నాకోసం తెచ్చిన జాకెట్టు గుడ్డ బల్ల మీద పెట్టాడు. మంచి గుడ్డ, నేను ఇంతవరకు కుట్టించుకోలేదు.

నాకు ఆ రోజు ఏమయిందో తెలియదు. ఎప్పుడూ ఎదురు మాట్లాడనిదాన్ని అనేశాను. "పెద్దమ్మ ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఈ రోజు మీరు దుకాణంలో కూర్చుని ఉండేవాళ్ళు పెదనాయనా" అని. అంటున్నప్పుడే గిద్దలూరు వరండా గుర్తొచ్చి నా ముఖం నాకే వేడెక్కింది. అక్కడ నేను చెప్పింది కూడా ఆ హెర్నియా మాటే కదా.

ఆయనకు కోపం రాలేదు. తుండు భుజం మీద సర్దుకుంటూ మెట్ల వైపు తిరిగాడు. మొదటి మెట్టు మీద ఆగి చెప్పాడు.

"ఆమెనేమీ అనొద్దు తల్లీ. నువ్వు నాకు తుండు కింద నేర్పినావు, నేను ఆమెకు హెర్నియా అని నేర్పినా. ఇద్దరం బాగనే నేర్చుకున్నాం."